కుర్చీలక్క కలిపిన మూడు మతాలు

ఆ పెద్దాసుపత్రిలో కుర్చీలక్క అసలు పేరు జీతాల గుమాస్తాకైనా గుర్తుందో లేదో. కింది అంతస్తులో ప్రార్థన గది చూసుకోవడం ఆవిడ పని. గది ఒకటి, మతాలు మూడు. శుక్రవారం మధ్యాహ్నానికల్లా కుర్చీలు గోడవారకు నెట్టి, శిలువకు తెర లాగి, తివాచీలు పరవాలి. అవి చుట్టి నడుం ఎత్తేలోగా పొద్దు వాలుతుంది, యూదులొస్తారు. మళ్ళీ కుర్చీలు వేసి వాళ్ళ గ్రంథాల బీరువా తెరవాలి. ఆదివారం పొద్దున్నే తెర తీసి వరసలు మార్చాలి. భక్తి ఎంతున్నా నడుముకు ఆ సంగతి తెలియదు కదా!

ఆ యేడు ఆవిడ చెల్లెలు గుండె చెడి పై అంతస్తులో చేరింది. తల్లి పోయాక ఆ పిల్లను పెంచింది కుర్చీలక్కే. ముస్లిం కుర్రాణ్ణి చేసుకుందని కొన్నాళ్ళు మాటలు మానేసిందే గాని, ప్రాణమంతా దానిమీదే. పని మధ్యలో తెర తప్పించి, శిలువ ముందు నిలబడి, "దాన్ని నాకు దక్కించు తండ్రీ" అని గబగబా చెప్పుకుని మళ్ళీ తెర వేసేది.

ఒక శుక్రవారం కుర్చీ కాలు వేలిమీద పడి ఆవిడకు చిర్రెత్తుకొచ్చింది. "ముగ్గురూ అబ్రహాము పిల్లలమే అంటారు! మూడూ కలిపేసి ఒక్కటి చేసుకుంటే వీళ్ళ సొమ్మేం పోయింది? నా నడుమన్నా దక్కేది!" అని అరిచింది. గుమ్మంలో సూపరింటెండెంటు ఉన్నాడని చూసుకోలేదు.

"ఎంత గొప్ప మాటన్నావమ్మా!" అన్నాడాయన. అంతటితో ఊరుకుంటే బాగుండేది. వారం తిరక్కుండా పాస్టరుగారిని, ఇమాముగారిని, యూదుల గురువు రబ్బీగారిని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

టీలు అందిస్తూ కుర్చీలక్క అంతా వింది. ముగ్గురూ పెద్దమనుషులే. దేవుడొక్కడే అన్నదాకా బండి సాఫీగా నడిచింది. అందరికీ ఒక ప్రార్థన రాద్దామనేసరికి మొదలైంది తంటా. పాస్టరుగారు "తండ్రీ" అనగానే, మేం దేవుణ్ణి అలా పిలవం అన్నారు ఇమాముగారు. ఏసు దేవుడి కొడుకంటే మిగతా ఇద్దరూ కాదన్నారు. ప్రవక్త అందామంటే పాస్టరుగారికి చాలలేదు, రబ్బీగారికి ఎక్కువైంది. ఇమాముగారు తమ ప్రవక్త పేరెత్తితే మిగతా ఇద్దరూ టీకప్పుల్లోకి చూశారు. రబ్బీగారు తమ పవిత్ర దినం శనివారం జోలికి రాకుండా ఏదైనా మాట్లాడుకుందామంటూనే, మాట్లాడిన ప్రతిదానికీ అడ్డం తిరిగారు. ఒక్కో మాటే కొట్టేసుకుంటూ పోగా చివరికి మౌనం మిగిలింది. దానికి మాత్రం ముగ్గురూ సంతోషంగా ఒప్పుకున్నారు.

మౌనానికి తగ్గట్టు గదిని ఖాళీ చేశారు. శిలువా, తివాచీలూ, బీరువానూ, సగం కుర్చీలనూ మెట్లకింద సామాన్ల కొట్లోకి మోసింది ఎవరనుకున్నారు? తలుపుకు 'అందరి గది' అని బోర్డు వేలాడదీశారు. అందులోకి ఒక్కరు అడుగుపెడితే ఒట్టు! అంతా ఆవిడ వెంటే పడ్డారు. అక్కా తివాచీ, అక్కా పుస్తకం, అక్కా కొట్టు తాళం. తలప్రాణం తోకకొచ్చింది.

చెల్లెల్ని ఆపరేషన్‌కు తీసుకెళ్ళిన పొద్దున ఆవిడ అందరి గదిలోనే కూర్చుంది. ఎదురుగా తెల్లగోడ. "దేవా" అంది. ఆ తరువాత మాట పెగల్లేదు. పళ్ళ డాక్టరు పిలుపు కోసం కూర్చున్నట్టుంది. ఏడుపు వచ్చింది, దాంతోపాటు ఒళ్ళు మండింది. విసురుగా లేచి వెళ్ళి కొట్టు తాళం తీసింది.

శిలువను దులిపి కుర్చీల దొంతరకు ఆనించిందో లేదో, వెనక మరిది. "వదినా, తివాచీ ఇస్తావా?" కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాడు. ఆయన వెనకే గడియారాలు బాగుచేసే యూదు ముసలాయన. భార్య పై వార్డులో ఉంది, ఆయనకు కీర్తనల పుస్తకం కావాలి.

"రండి, రండి! ఇంకెవరన్నా ఉంటే వాళ్ళనీ పిలవండి!" అంది కుర్చీలక్క.

ముగ్గురికీ అడుగు జాగా లేదు. మరిది నమాజులో నేలకు వంగితే తల బీరువాకు కొట్టుకుంది. ముసలాయన శిలువకు వీపు తిప్పి, వాళ్ళ పద్ధతిలో ఊగుతూ చదువుతుంటే ఆయన మోచెయ్యి ఆవిడ డొక్కలో పొడిచింది.

"కాస్త మెల్లగా ఊగండి తాతా! నువ్వు కాళ్ళు ముడుచుకో!" అని కసిరి శిలువకేసి తిరిగింది. "దాన్ని నాకు దక్కించు తండ్రీ." ఈసారి మాట తడబడలేదు.

ఎంతసేపయిందో, నర్సు తలుపు తోసింది. "అక్కా, గండం గడిచింది. చెల్లెమ్మ కళ్ళు తెరిచింది." మరిది తివాచీ మీదే కూలబడి ఏడ్చాడు. నర్సు వెనక సూపరింటెండెంటు. కొట్లోకి తొంగిచూసి చేతులు జోడించాడు.

"చూశావామ్మా! చివరికి మూడు మతాలూ కలిశాయి!"

"కలవలేదు సార్, ఇరుక్కున్నాం!" అంది కుర్చీలక్క కళ్ళు తుడుచుకుంటూ. "అడ్డు లేవండి, నేను దాని దగ్గరికి పోవాలి."

సగం మెట్లెక్కి ఆగింది. "రేపు శుక్రవారం. తివాచీలు పాత గదిలో నేనే పరుస్తాను. ఆ బోర్డు మాత్రం మీరే పీకేయండి!"