మిద్దె మీద వాన లెక్క

పదకొండేళ్లుగా రాచర్లలో మా మిద్దె మీద డబ్బా పెట్టి, వానను కొలిచి రాస్తున్నాను. వాతావరణ మార్పుపై పరిశోధించే ఒకామె ఆ పుస్తకం కోసం వచ్చింది. నా లెక్కలు పరిశోధనకు ఎక్కుతాయని ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను.

"ఈ మూడేళ్లు పక్క ఊళ్లకంటే ఇక్కడ వాన బాగా తక్కువుందే?" అందామె.

పిట్టగోడ అవతలి నుంచి పక్కింటి రైతు మామ తల ఎత్తాడు.

"ఉండదామ్మా! అల్లుడు కొలిచేలోపు డబ్బాలో నీళ్లు నేనే పారబోస్తాంటి. వాన పడిందని రాస్తే మనది కరువు మండలమని ఆఫీసర్లు ఎట్ల ఒప్పుకుంటారు?"

"అంతా పారబోసినావా మామా?"

"అంత పాపిష్టోన్నా? నువ్వు రాసుకోను కొంచెం మిగిలిస్తాంటి."

ఆమె ఆ మూడేళ్లనూ పక్కన పెట్టి, మిగతా ఎనిమిదేళ్లు ఫోటో తీసుకుంది. నేను మామకు నీళ్ల చెంబిచ్చి, రోజుకెంత పారబోశాడో పోసి చూపించమన్నాను.