నాలుగో వేలు

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా, అందరూ కునుకు తీసే వేళ, ఆల్టెన్‌బుర్గ్‌లో ఎవరూ గోడకు మేకు కూడా కొట్టరు. ఇక పియానో సంగతి చెప్పనే అక్కర్లేదు. రోస్‌విథా క్లెమ్ ఒక్కతే ఆ కట్టుబాటును ఇరవయ్యేళ్లుగా రోజూ ఓ పది నిమిషాలు మీరుతూ వచ్చింది. ఒంటిగంట దాటగానే కింది వాటాలో ఉండే పేట్సోల్డ్ చీపురుకర్రతో తన ఇంటి కప్పును మూడుసార్లు పొడిచేవాడు. ఆవిడ మీటల మీంచి చేతులు తీసేది. ఒక్క క్షణం ఆగి, పాలగిన్నె దగ్గరికి చేరే పిల్లిలా మెల్లగా మళ్లీ మొదలుపెట్టేది.

తప్పు ఆవిడది కాదు, పెంపకానిది. తండ్రి చర్చిలో ఆర్గన్ వాయించేవాడు. తల్లి నాలుగేళ్ల పిల్ల చేతుల మీద చెరో నాణెం పెట్టి, అవి జారకుండా వాయించమనేది. జారితే మళ్లీ మొదటి నుంచి. యుద్ధం ముగిసిన చలికాలంలో ఇంట్లో బొగ్గు లేకపోతే, వేళ్ల కొసలు కత్తిరించిన చేతితొడుగులు వేసుకుని మరీ వాయించింది. "రాకపోతే ఇంకోసారి చెయ్యి, వస్తే పదిసార్లు చెయ్యి" అనేది తల్లి. ఆ మాట పట్టుకునే వైమార్‌లో చదువు పూర్తిచేసింది, చుట్టుపక్కల ఊళ్లన్నిట్లో కచేరీలు చేసింది. పెళ్లి మాట వచ్చినప్పుడల్లా ఏదో ఒక కచేరీ అడ్డొచ్చేది. చివరికి కచేరీలు తగ్గాయి, పెళ్లి మాట ఎత్తేవాళ్లూ తగ్గారు. పాఠాలు మిగిలాయి.

పాఠంలో ఆవిడ ఎక్కువ మాట్లాడేది కాదు. "ఇలా" అని వాయించి చూపించేది, తడబడితే "రాకపోతే ఇంకోసారి చెయ్యి" అనేది, అంతే. పిల్లలు చూసి పట్టుకోవాలి. పట్టుకునేవాళ్లు కూడా. ఆవిడ మెడ కాస్త ఎడమకు వాల్చి వాయిస్తుంది కాబట్టి, ఊళ్లో ఏ పిల్ల మెడ వాల్చి వాయించినా క్లెమ్ గారి పిల్ల అని తెలిసిపోయేది. దానికి ఆవిడ లోలోపల మురిసిపోయేది.

ఆ పిల్లలందరిలోకీ అన్నెగ్రెట్ వేరు. సరిగ్గా పైవాటాలో ఉండే రొట్టెల కొట్టు వాళ్ల అమ్మాయి, పదిహేనేళ్లది. ఒకసారి చూపిస్తే చాలు, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కూడా పట్టేసేది. జూన్‌లో లైప్‌జిగ్‌లో సంగీత కళాశాల ప్రవేశపరీక్ష. ఇన్నేళ్లలో అంతదాకా వెళ్లగల పిల్ల ఆవిడ చేతికి దొరకడం అదే మొదలు, బహుశా అదే ఆఖరు.

ఆ పరీక్షకు రెండేళ్ల ముందు, పంతొమ్మిది వందల డెబ్బైనాలుగు శరదృతువులో, ఆవిడ కుడిచేతి నాలుగో వేలు, అంటే ఉంగరం వేలు, మాట వినడం మానేసింది. టీకప్పు పట్టుకుంటే బాగానే ఉండేది, గుండీలు పెట్టుకుంటే బాగానే ఉండేది. మీటల మీద పెట్టగానే అరచేతిలోకి ముడుచుకుపోయేది. నొప్పి లేదు, వాపు లేదు. ఒళ్లు వంగడం లేదు దీనికి, అనుకుంది ఆవిడ. నాలుగు గంటల సాధన ఆరు గంటలు చేసింది. వేలు ఇంకా ముడుచుకుంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి సిగ్గేసింది.

పరీక్ష రెండు నెలలుందనగా, ఏప్రిల్‌లో ఒకరోజు మెట్ల మీద పేట్సోల్డ్ ఆపాడు. పేకముక్కలు తయారుచేసే చోట ముప్పయ్యేళ్లు పనిచేసి రిటైరైన మనిషి, నోటికి అడ్డూ ఆపూ లేదు.

"టీచరమ్మా, ఏమీ అనుకోకండి. ఇరవయ్యేళ్లుగా మీ పియానో కింద కాపురం చేస్తున్నాను. ఈమధ్య దానికి నత్తి వచ్చింది."

ఆవిడ నవ్వేసి, కుడిచెయ్యి కోటు జేబులో పెట్టుకుంది. అతను ఆ జేబు వంకే చూశాడు.

"మా కత్తిరింపు మిషను దగ్గర ఆర్నో అని ఒకడుండేవాడు. వాడికీ ఓ వేలు ముడుచుకునేది. ఇంకాస్త గట్టిగా పనిచేస్తే అదే సర్దుకుంటుందన్నాడు, మా మాట వింటేగా. ఆఖరికి మిషను దగ్గరికే రాలేకపోయాడు." అతను గొంతు తగ్గించాడు. "అన్నట్టు, మీ పైవాటాలోనూ నత్తి మొదలైంది. అంటురోగమేమో, చూసుకోండి."

ముసలాయన హాస్యం అనుకుని ఆవిడ పైకి వెళ్లిపోయింది. పైవాటాలో ఏం వినిపిస్తోందో ఆవిడకు తెలిసే వీల్లేదు. ఆ పిల్ల వాయించే వేళకు తనూ వాయిస్తూనే ఉండేది. మరో వారానికి ఒంటిగంటన్నర దాకా వాయించినా కింద నుంచి చప్పుడు రాలేదు. తిట్టేవాడు జాలిపడటం మొదలుపెట్టాడు. ఆ రోజు ఆవిడకు నిజంగా భయం వేసింది.

మే నెల చివరి శనివారం, పన్నెండింటికి అన్నెగ్రెట్ పాఠానికి వచ్చింది. పరీక్షకు మూడు వారాలుంది. ఆ రోజు క్లెమ్ వేలు అసలు తెరుచుకోనేలేదు. అందుకని చూపించకుండా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. పాఠంలో ఎప్పుడూ తన చేతి మీదే ఉండే ఆవిడ కళ్లు, నెలల తర్వాత మొదటిసారి పిల్ల చేతిమీద పడ్డాయి.

పిల్ల నాలుగో వేలు అరచేతిలోకి ముడుచుకుని ఉంది.

"ఆ వేలు అలా పెట్టమని ఎవరు చెప్పారు?"

"మీరేగా టీచర్. మీది అలాగే ఉంటుంది కదా." అన్నెగ్రెట్ మెచ్చుకోలు కోసం చూసింది. "మొదట్లో నాకు అస్సలు రాలేదు. రోజూ రెండు గంటలు దానికే చేశాను."

"సరే. ఇప్పుడు చాపి వాయించు."

పిల్ల ప్రయత్నించింది. మళ్లీ ప్రయత్నించింది. మెడ మీద చెమట పట్టింది కానీ వేలు చాపలేకపోయింది.

అప్పుడు చెప్పింది ఆవిడ, తనలో తను కూడా ఎన్నడూ ఒప్పుకోని సంగతి: ఇది విద్య కాదు, తెగులు. నా వేలికి వచ్చింది, నిన్ను చూడనిచ్చి నీకూ అంటించాను. రేపటి నుంచి పియానో ముట్టుకోకు, పరీక్ష పోతే పోనీ.

అన్నెగ్రెట్ చెయ్యి వెనక్కి దాచుకుంది. అచ్చం ఆవిడ కోటు జేబులో దాచుకున్నట్టే.

"ఇంకో రెండు గంటలు పెంచుతాను టీచర్. రాకపోతే ఇంకోసారి చెయ్యమని మీరే అంటారుగా."

ఆవిడ పిలుస్తూనే ఉంది. పిల్ల మెట్లెక్కి వెళ్లిపోయింది.

చర్చి గంట ఒంటిగంట కొట్టింది. ఊరు సద్దుమణిగింది. నెత్తిమీద పియానో మొదలైంది. పరుగెత్తి, ఒకేచోట తడబడి, మళ్లీ మొదటి నుంచి. క్లెమ్ వంటింట్లోంచి చీపురుకర్ర తెచ్చింది. కుర్చీ ఎక్కి, తన జీవితంలో మొదటిసారి, కప్పును మూడుసార్లు పొడిచింది.

పైన వాయిద్యం ఆగింది. ఆవిడ కర్ర పట్టుకుని అలాగే నిలబడింది.

ఒక్క క్షణం తర్వాత, మెల్లగా, మళ్లీ మొదలైంది.