ఐదో నిమ్మకాయ

పోయిన నెలలో మా అమ్మాయి చిన్న కారు కొనుక్కుంటానని నన్ను కరీంనగర్‌లో ఒక షోరూముకు వెంటబెట్టుకుని వెళ్లింది. నా సలహా కోసం కాదని నాకు తెలుసు. ముప్ఫై ఏళ్లు హుజూరాబాద్ బడిలో భౌతికశాస్త్రం చెప్పి, పెట్రోలు ఇంజను బొమ్మా డీజిలు ఇంజను బొమ్మా నల్లబల్ల మీద కళ్లు మూసుకుని గీసినవాణ్ని కనుక, పిలవకపోతే చిన్నబుచ్చుకుంటానని పిలిచింది. అక్కడ అద్దాల గదిలో ఎర్రటి చిన్న బండి ఒకటి నిలబెట్టారు. వెనక డిక్కీ పొడుచుకుని రాకుండా కురచగా ఉండే ఇలాంటివాటిని హ్యాచ్‌బ్యాక్ అంటారట. తలుపు తీసి చూశాను, వేసి చూశాను, వెనక సీట్లో కూర్చుని మోకాళ్లు ముందు సీటుకు తగలడం లేదని నిశ్చయం చేసుకున్నాను, ఇంత చిన్న బండిలో ఇంత చోటు ఎక్కడినుంచి తెచ్చారా అని మనసులో మెచ్చుకుని, పైకి మాత్రం పరీక్ష పేపర్లు దిద్దే ముఖం పెట్టుకుని, ఇంజన్లు ఏమేమి ఉన్నాయమ్మా అని అక్కడి ఉద్యోగిని అడిగాను. ఆమె గుక్క తిప్పుకోకుండా చెప్పుకొచ్చింది. ఒకటి పెట్రోలుది, ఒకటి పెట్రోలుతోపాటు గ్యాసు మీద కూడా నడిచేది, ఒకటి గేర్లు దానంతటదే మార్చుకునేది, ఆ మూలన తెల్లగా ఉన్నది బ్యాటరీది. మరి డీజిలుదో అన్నాను.

"చిన్న బండ్లల్ల డీజిల్ ఇప్పుడు వస్తలేదు సార్. బందయింది" అంది ఆమె, అదేదో మామూలు సంగతైనట్టు.

ఆ తరవాత ఆమె చెప్పిన మాటలు నాకు సరిగా వినబడలేదు. డీజిలు బండి అనే మాటకు ఒకప్పుడు ఎంత మర్యాద ఉండేదో నా ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు. ఆ మర్యాద కోసమే నేనూ ఒకటి కొన్నాను. అది కొన్నది మా అవ్వ కోసం అని ఊరందరికీ చెప్పుకున్నాను. అక్కడే నేను పప్పులో కాలేసింది.

మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, పుట్టింది మరాఠీ సరిహద్దు దిక్కున, బోథ్ పక్కన ఒక పల్లెలో. చిన్ననాడే తల్లి పోతే, నాలుగేళ్లు పెద్దదైన అక్కే ఆమెకు తలదువ్వి, అన్నం పెట్టి సాకింది. పెళ్లయి అవ్వ హుజూరాబాద్‌కు వచ్చేసింది, ఆ అక్కను, మా పెద్దవ్వను, ఆ పక్క ఊరికే ఇచ్చారు. ఇద్దరి మధ్య జిల్లా జిల్లా అంతా అడ్డం. ఎండాకాలం సెలవుల్లో అవ్వ నన్ను తీసుకుని అక్క దగ్గరికి బయలుదేరేది. మాటల నడుమ మరాఠీ ముక్కలు కలిపి గలగలా మాట్లాడే పెద్దవ్వ, జొన్నరొట్టె మీద పచ్చిమిరపకాయలు దంచిన ఠేచా పెట్టి, అది తిని నాకు కళ్లలో నీళ్లు వస్తుంటే నవ్వుతూ మజ్జిగ ఇచ్చేది. ఆ రొట్టె రుచి ఇప్పుడు చెబుతున్నా నోట్లో నీరూరుతుంది.

కాని ఆ రొట్టె దాకా చేరడం ఉంది చూశారూ, అది అవ్వకు ఒక గండం. ఆమెకు బస్సు పడదు. ప్రయాణం రేపనగా ఈ పూటనుంచే ముద్ద ముట్టేది కాదు. కిటికీ పక్క సీటు దొరికితే సరి, దొరకకపోతే ముఖం వాడిపోయేది. తడి తువ్వాలు మెడకు చుట్టుకుని, పిడికిట్లో ఒక నిమ్మకాయ పెట్టుకుని, గోటితో తొక్క గిల్లుతూ ముక్కు దగ్గర పట్టుకుని కూర్చునేది. కరీంనగర్‌లో బస్సు మారేసరికే ఒకసారి వాంతి అయ్యేది. నిర్మల్ దాటి కొండ ఎక్కే ఘాటు మలుపులు మొదలయ్యాక ఇక లెక్కే ఉండేది కాదు. వెనక సీటువాళ్లు విసుక్కునేవారు, కండక్టరు గొణిగేవాడు, నేను సిగ్గుతో తల వంచుకునేవాణ్ని. తల్లి వాంతి చేసుకుంటుంటే సిగ్గుపడ్డానని రాయడానికి ఈ వయసులోనూ మనసొప్పదు గాని, పడ్డ మాట నిజం. బోథ్‌లో దిగాక పెద్దవ్వ వీపు నిమురుతూ ఆ రోజంతా చెల్లెలిని పక్క దిగనిచ్చేది కాదు.

అలా ఏటేటా వెళ్లేది కాస్తా రెండేళ్లకోసారి అయింది, నాన్న, మా బాపు, పోయాక పూర్తిగా ఆగిపోయింది. అక్క సంగతి వచ్చినప్పుడల్లా అవ్వ బియ్యం చెరుగుతున్న చాట పక్కన పెట్టి కొంగుతో ముఖం తుడుచుకునేది. నాకు ఉద్యోగం వచ్చి స్కూటరు కొన్నాక, దాని వెనక కూర్చుని అంగడికీ, పెళ్లిళ్లకూ, ఒకసారి జమ్మికుంట దాకా కూడా వచ్చింది. ఏనాడూ ఆమెకు వికారం పుట్టలేదు, పైగా మెల్లగా కూనిరాగం తీసేది. పరిశీలన ముందు, నిర్ధారణ తరవాత అని పిల్లలకు వేలసార్లు చెప్పినవాణ్ని, స్కూటరుకు పడే మనిషికి బస్సు ఎందుకు పడదని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. బస్సులో జనం, ఉక్కపోత, కుదుపులు, అందుకే కాబోలు అనుకున్నాను. సొంత కారు ఉంటే అవ్వ హాయిగా అక్క దగ్గరికి వెళ్లొస్తుందని అప్పుడే మనసులో పడింది.

ఆ కోరిక తీరడానికి నాకు యాభై ఏళ్లు రావలసి వచ్చింది. అప్పట్లో చిన్న కార్లలో కొత్తగా డీజిలు ఇంజను పెట్టి అమ్మడం మొదలైన రోజులు. ఒకే బండి, ఒకే రంగు, ఇంజన్లు మాత్రం రెండు రకాలు. పెట్రోలుది నడిపి చూశాను, మెత్తగా, చడీచప్పుడూ లేకుండా పోయింది. డీజిలుది నడిపి చూశాను, దడదడమంటూ మొదలై, కాసేపు తాత్సారం చేసి, ఆ తరవాత వెనకనుంచి ఎవరో నెట్టినట్టు ఒక్క ఊపున లాగింది. ఆ ఊపుకు నేను పడిపోయాను. మైలేజీ ఎక్కువ, గట్టి ఇంజను, ఘాటు రోడ్డు ఎక్కడంలో దీనికి సాటి లేదు అని స్టాఫ్ రూములో తోటి సార్లందరూ ఏకమైతే, నేను సుద్దముక్క తీసుకుని గాలిని ఎంత నొక్కితే ఎంత వేడెక్కుతుందో, ప్లగ్గు లేకుండానే డీజిలు ఎలా అంటుకుంటుందో వాళ్లకొక పాఠం కూడా చెప్పాను. ఇంజను సంగతి నాకు ఒకరు చెప్పాలా అన్న గర్వం. ఆ బండిలో ఎక్కి కూర్చోవలసిన మనిషిని మాత్రం ఏది కావాలని అడగలేదు.

బండి ఇంటికి వచ్చిన మరునాడే మా ఇంటావిడనూ, అవ్వనూ వెనక కూర్చోబెట్టుకుని కొండగట్టు అంజన్న దగ్గరికి బండి పూజకు బయలుదేరాను. దారిపొడవునా నేనే మాట్లాడాను. ఇదిగో ఇలా ఏసీ వస్తుంది, ఇదిగో గేరు ఇంత మెత్తగా పడుతుంది అంటూ. అవ్వ ఊఁ అంటున్నది. వెనక్కి తిరిగి చూసే తీరిక నాకెక్కడిది, కొత్త స్టీరింగు. కొండ మీద పూజారి బానెట్టు మీద సింధూరం దిద్ది, కొబ్బరికాయ కొట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, కానీయండి సారూ అన్నాడు. నేను ఇంజను తిప్పబోతుండగా అవ్వ కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఒక్కటి ఉంచరాదు బిడ్డా" అంది.

శాస్త్రం నాలుగు తొక్కించాలంటుంటే ఈమె ఒకటి ఉంచమంటుందేమని నవ్వి, బండి ముందుకు పోనిచ్చాను. నాలుగూ చితికాయి. అరటిపళ్ల కోసం వచ్చిన కోతులను అదిలిస్తూ అవ్వ వంగి, చితికిన నిమ్మకాయ ఒకటి ఏరి, కొంగుతో మట్టి తుడిచి, కళ్లకు అద్దుకుని ముక్కు దగ్గర పట్టుకుంది. ఎంత భక్తి, చక్రం కింద పడ్డదాన్ని కూడా ప్రసాదంలా తీసుకుంది అని నేను తిరిగి వచ్చేదాకా మురిసిపోయాను.

ఆ తరవాత బోథ్ ప్రయాణం మూడుసార్లు అనుకున్నాం. మొదటిసారి మోకాళ్లు గుంజుతున్నాయంది. రెండోసారి అమావాస్య ముందు వద్దంది. మూడోసారి పెద్దవ్వకు ఫోను చేసి ఫలానా ఆదివారం వస్తున్నామని కూడా చెప్పేశాను, పొద్దున లేచేసరికి దుప్పటి ముసుగు తీయదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత ఖర్చు పెట్టి ఎవరికోసం కొన్నానన్న ఉక్రోషం. తలుపు దగ్గర నిలబడి, "నీకు అక్క మీద పావురం లేకుంట పోయింది" అన్నాను. మా దిక్కున పావురం అంటే ప్రాణంలాంటి ప్రేమ. అవ్వ ముసుగు తీయకుండానే, "అట్లనే అనుకో బిడ్డా" అంది. నేను బండి కడుక్కోవడానికి వెళ్లిపోయాను.

ఏడాది తిరగకుండానే ఒక పొద్దున పెద్దవ్వ ఇక లేదని ఫోను వచ్చింది. పుట్టింటి తరఫున శవం మీద ఆఖరి చీరె కప్పవలసినది చెల్లెలే. అవ్వ ఏడవలేదు, పెట్టె తీసి కొత్త చీరె ఒకటి చంకన పెట్టుకుని, నాకన్నా, మా ఇంటావిడకన్నా ముందు వెళ్లి కారులో కూర్చుంది. కరీంనగర్ దాటకముందే జర ఆపమంది. జగిత్యాల దగ్గర ఆపమంది. ఆ తరవాత ఎన్నిసార్లు ఆపానో నాకు గుర్తు లేదు. దుఃఖంతో కడుపు తిప్పుతున్నది కాబోలు అనుకుంటూ నేను నీళ్లసీసా అందిస్తున్నాను. అవతలనుంచి ఎక్కడిదాకా వచ్చిండ్రని ఫోన్ల మీద ఫోన్లు. నిర్మల్ దాటి ఘాటు మొదలయ్యాక రెండో మలుపు దగ్గర అవ్వ తలుపు తీసుకుని దిగింది.

"మీరు పోతుండుండ్రి. నేను నడిచొస్త" అంది.

డెబ్బై ఏళ్ల మనిషి ఆ ఎండలో చీరె చంకన పెట్టుకుని నిజంగానే నడవడం మొదలుపెట్టింది. ఇదేం చోద్యమని నేను మా ఇంటావిడ మీద విరుచుకుపడ్డాను. అప్పుడామె చెప్పింది, "అత్తమ్మకు డీజిల్ వాసన పడదు. కొండగట్టు పోయిన్నాడే గుడి ఎనుక నా ఒళ్లె పడి కక్కుకున్నది. మీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నది" అని.

నేను పరుగెత్తి అవ్వను పట్టుకున్నాను. ఎందుకు చెప్పలేదవ్వా అని అడిగాను. ఆమె నా వైపు చూడలేదు, రోడ్డు వైపే చూస్తూ అన్నది: "నా మీద గంత పావురంగ కొంటివి. ఎట్ల చెప్పాలె బిడ్డా."

అవ్వను మళ్లీ ఎక్కించుకుని, అద్దాలన్నీ దించి, ఎద్దుల బండి నడిపినట్టు నడిపి, మేము ఆ ఊరు చేరేసరికి పొద్దుగూకుతున్నది. వాళ్లు చూసి చూసి, ఇక ఆగలేక, చీరె కోసం ఆపిన శవాన్ని తీసుకెళ్లి దహనం చేసి, స్నానాలు చేసి తిరిగి వస్తూ వాకిట్లో మాకు ఎదురయ్యారు. అవ్వ ఆ చీరెను ఎవరికి ఇవ్వాలో తెలియక చాలాసేపు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వీపు నిమిరే అక్క ఆ ఇంట్లో లేదు. నేను గడప బయట నిలబడి చూశాను గాని లోపలికి అడుగు పెట్టలేకపోయాను.

ఆ బండి మార్చేసి పెట్రోలుది తెస్తానంటే అవ్వ ఒప్పుకోలేదు. ఎవరికోసం బిడ్డా, ఇగ బోథ్‌ల ఎవలున్నరు అంది. నా మీద కోపంతో అన్న మాట కాదది, అందుకే నాకు మరింత బరువైంది. తను బతికి ఉన్నన్నాళ్లూ ఎటు వెళ్లినా పాత స్కూటరు మీదే వచ్చింది. కూనిరాగం మాత్రం మళ్లీ వినలేదు.

షోరూము వాళ్లు నడిపి చూడమంటే మా అమ్మాయి ఆ మూలనున్న బ్యాటరీ బండి బయటికి తీసింది. నేను ముందు సీటు వద్దని వెనక కిటికీ పక్కన కూర్చున్నాను. బండి కదిలిందని అద్దంలోంచి చెట్లు వెనక్కి పోతుంటే తెలిసింది. చప్పుడు లేదు, వణుకు లేదు, ఎంత ముక్కు ఎగబీల్చినా కొత్త సీట్ల వాసన తప్ప ఇంకే వాసనా లేదు. ఎట్లుంది బాపూ అని అమ్మాయి అద్దంలోంచి అడిగితే, ఇదే తీసుకో బిడ్డా అని ఒక్క ముక్క చెప్పి ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి అవ్వను ఈ పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఘాటు ఎక్కించాలని నాకు ప్రాణం కొట్టుకుపోయింది.

పోయిన వారం బండి వచ్చింది, కొండగట్టుకు తీసుకువెళ్లాం. కింద దుకాణంలో నిమ్మకాయలు నేనే కొన్నాను. బండికి నాలుగు చక్రాలే గద బాపూ, ఐదెందుకు అని అడిగింది మా అమ్మాయి. ఉండనీ అన్నాను. పూజారి అడిగినట్టే నాలుగూ చక్రాల కింద పెట్టించి, ఐదోదాన్ని పిడికిట్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాను. ఇప్పుడు రోడ్లు నున్నగా ఉన్నాయి, ఘాటు మలుపులూ మునుపటిలా లేవంటారు, పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి బోథ్‌లో ఉండవచ్చునట. దారిలో ఆపవలసిన పనే లేదు. వచ్చే ఆదివారం తీసుకువెళ్తానంటున్నది మా అమ్మాయి. ఎవరింటికి వెళ్దామో నాకు తోచలేదు. ఇల్లు వచ్చేదాకా ఆ నిమ్మకాయ తొక్క గోటితో గిల్లుతూ ముక్కు దగ్గర పట్టుకుని కూర్చున్నాను.