దాలయ్య చేసిన పెద్ద వీణ

బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో దాలయ్య పదమూడో ఏట ఉలి పట్టాడు. ఒకే పనస దుంగలోంచి కుండ, దండి, తల అన్నీ తీసి వీణ చెయ్యడం వాళ్ళ ఇంటి పని. దుంగను వేలి కణుపుతో తట్టి, అది పలుకుతుందో లేదో చెప్పేసేవాడు తండ్రి జగన్నాధం. ఆ చెవి కొడుక్కీ వచ్చింది.

ఇప్పుడు దాలయ్యకు యాభై ఎనిమిదేళ్ళు. ఆరేళ్ళుగా పెద్ద వీణ చెయ్యలేదు. వచ్చేవాళ్ళంతా జానెడు వీణలే అడుగుతున్నారు, సన్మానాల్లో చేతికిచ్చి ఫోటో దిగడానికి. మెట్ల బదులు రంగు గీతలు, తీగల బదులు ప్లాస్టిక్ దారం. ఒక హోటలువాళ్ళయితే కుండలో బల్బు పెట్టించుకున్నారు. అన్నీ నున్నగా చేసిచ్చాడు దాలయ్య. అతని పనికి వంక పెట్టినవాళ్ళు లేరు.

మొన్న శ్రావణంలో ఒక ఉదయం గజపతినగరం నుంచి సుహాసిని అనే టీచరు బస్సు దిగి వచ్చింది. రిటైరైన రోజు బడివాళ్ళు ఇచ్చిన చిన్న వీణను సంచిలోంచి తీసింది.

"నేర్చుకుందామని కూర్చున్నానండీ. ఎంత మీటినా పలకట్లేదు. కాస్త బాగుచేస్తారా?"

దాలయ్య భార్య నారాయణమ్మ పక్కున నవ్వేసింది. దాలయ్యకూ నవ్వొచ్చింది.

"అది పలకదమ్మా. బీరువాలో ఎట్టుకోడానికే."

"మరి దీన్ని వీణ అని ఎందుకిచ్చారు?"

ఆమె నిజంగానే అడిగింది. పలికేది చూపిద్దామంటే షెడ్డులో పెద్ద వీణ ఒక్కటీ లేదు. ఆమెను వెనక ఆరబెట్టిన దుంగల దగ్గరికి తీసుకెళ్ళాడు.

"సెయ్యి ఇక్కడ పెట్టండి."

దుంగ రెండో కొస మీద తట్టాడు. అదురు ఆమె అరచేతికి అందింది.

"బొబ్బిలి కోటలో వాయించినోళ్ళు మా తాత పక్కన కూకోని ఇనేవోరట. వాళ్ళు స్వరం సరేనంటేనే మెట్టుని నిలబెట్టే మైనం ఆరనిచ్చేవోడు. ఈ పనంతా అలా ఇని ఇని నేర్సుకున్నదే."

సుహాసిని చెయ్యి తియ్యలేదు. "నాకొకటి చేసిపెట్టండి. ఈ వయసులో వస్తుందంటారా?"

"రాకేటి? మెట్లు ఎక్కించిన నాడు మాత్రం మీరు పక్కనుండాల."

ఆమె వెళ్ళాక నారాయణమ్మ అడిగింది. "దసరాకి రెండొందల పొట్టి వీణలియ్యాలి. ఇప్పుడు పెద్దదేటి మావా?"

"పొట్టివి షెడ్డులో కుర్రోళ్ళు సేస్తారు. దీనికి నానుండాల."

చేతులు ఏదీ మరిచిపోలేదు. కుండ లోపలి చెక్క ఎంత పలచనైతే గొంతు తెరుచుకుంటుందో, తట్టి తట్టి అక్కడే ఆపాడు. కార్తీకంలో మైనం కాచిన రోజు సుహాసిని వచ్చి పక్కన కూర్చుంది. దాలయ్య ఒక్కొక్క మెట్టే నిలబెట్టి మీటుతున్నాడు. ఏడో మెట్టు దగ్గర ఆమె మొహం చిట్లించింది.

"ఈ స్వరం కొంచెం కిందికుందేమో?"

దాలయ్యకు ముందే తెలుసు. ఆమె నోటివెంట వస్తుందా అని ఆగాడంతే. మైనం వెచ్చచేసి, మెట్టును గోరంత జరిపి మళ్ళీ మీటాడు. ఈసారి స్వరం వీధిదాకా వెళ్ళింది. ఎదురింటివాళ్ళు అరుగు మీదికొచ్చి నిలబడ్డారు.

మర్నాడు పొద్దున్నే ఇంకో దుంగ దించి బాడిసె పట్టాడు.

"ఇదెవురికి?" అంది నారాయణమ్మ.

"వొస్తారు సూడు," అన్నాడు దాలయ్య, తల ఎత్తకుండానే.