టెపిడేరియంలో నా పేరు

దేశం వదిలొచ్చి మేం స్థిరపడ్డ కాపెల్ ఊళ్లో, మా ఇంటికి దగ్గర్లో ఉన్న జిమ్‌లో, స్విమ్మింగ్ పూల్ పక్కనే ఒక వెచ్చటి గది ఉండేది. తలుపు మీద పెద్ద అక్షరాలతో ‘టెపిడేరియం’ అని రాసి ఉండేది. మావారు రిటైరయ్యాక వారానికి రెండుసార్లు వెళ్లేవాళ్లం. ముప్పై ఏళ్లు డాక్టరుగిరీ వెలగబెట్టిన మనిషి, లాటిన్ మాట కనిపిస్తే ఊరుకుంటారా?

“ఇదిగో, రోమన్లు చల్లటి గదిలోంచి సరాసరి వేడి గదిలోకి పోరు. మధ్యలో ఇలాంటిచోట కూర్చుని ఒళ్లు వెచ్చబెట్టుకుంటారు. టెపిడస్ అంటే గోరువెచ్చన.”

“గోరువెచ్చనకి ఇంత పేరెందుకండీ?” అనేదాన్ని.

పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయనకి నేను ‘ఇదిగో’నే. భార్యని పేరు పెట్టి పిలవడం వాళ్లింటా వంటా లేదు. కొత్తలో ఉక్రోషం వచ్చేది. తరవాత, ఏ పార్టీలోనైనా అంతమంది గోలలో ఆ ఒక్క ‘ఇదిగో’ వినపడగానే తల తిప్పేదాన్ని.

2011లో ఆయనకి స్ట్రోక్ వచ్చింది. మాట పడిపోయింది. మనుషుల్నీ పోల్చుకోలేకపోయారు. ఆ గదిని చూస్తే ఏదైనా గుర్తొస్తుందేమోనని, జిమ్ వాళ్లని బతిమాలుకుని స్పీచ్ థెరపీ అక్కడే పెట్టించాను.

థెరపిస్టు చిన్నపిల్ల, తెల్లమ్మాయి, మంచిదే. రోజూ నన్ను చూపించి, “మీ భార్య పేరేంటి?” అని అడిగేది. ఆయన గోడకేసి చూసేవారు. ఆ అమ్మాయి కాగితం మీద అడ్డగీత కొట్టేది.

“బాగున్న రోజుల్లో అడిగినా ఆయన ఇందులో ఫెయిలే తల్లీ. నన్నెప్పుడూ పేరుతో పిలవలేదు,” అన్నాను.

జోక్ అనుకుంది. నవ్వేసి, నా పేరుని తనకి చేతనైనట్టు సాగదీసి, మళ్లీ మళ్లీ ఆయనకి వినిపించింది. వారాల తరబడి అదే తంతు. నేను మాత్రం ‘ఇదిగో’ కోసం చెవులు రిక్కించుకుని కూర్చునేదాన్ని. ఆ ఒక్క మాట వస్తే చాలు, నా మనిషి ఇంకా లోపలున్నట్టే.

ఒక మధ్యాహ్నం అడగ్గానే ఆయన నావైపు తిరిగి, నా పేరు చెప్పారు. అచ్చం ఆ అమ్మాయి పలికినట్టే, అదే సాగదీతతో. అమ్మాయి ఎగిరి గంతేసింది. జిమ్‌కొచ్చి బెంచీల మీద కూర్చున్నవాళ్లందరూ చప్పట్లు కొట్టారు. నా ప్రాణం ఉసూరుమంది. ఆపుకోలేక ఏడ్చేశాను. సంతోషం పట్టలేక అనుకుని ఆ పిల్ల నన్ను వాటేసుకుంది.

ఆమె భుజం మీదుగా ఆయన్ని చూశాను. అప్పుడే పరిచయమైన ఆవిడని పలకరించినట్టు, మర్యాదగా నవ్వారు.