బాబాయిని పడగొట్టిన సినిమా

మొన్న కాకినాడలో పళ్ళ డాక్టరు దగ్గర కూర్చుని ఉంటే, గోడ మీది టీవీలో ఆ సినిమా వచ్చింది. బక్కపల్చటి కుర్రాడొకడు అనుకోకుండా బాక్సరైపోయి, అరటితొక్కల మీద జారుతూ, నిక్కరు ఊడిపోతుంటే పట్టుకుంటూ, వస్తాదులందర్నీ పడగొట్టే సినిమా. దవడ వాచి వచ్చినవాళ్ళు సైతం బుగ్గ పట్టుకుని నవ్వుతున్నారు. నేను మాత్రం టీవీకి వీపు పెట్టి కూర్చున్నాను. చివర్లో పేడగుంటలో తలకిందులుగా పడే లావుపాటి ఛాంపియను మా బాబాయి.

బాబాయంటే మా పిన్ని భర్త. రాజమండ్రిలో ఒక కాలేజీలో గుమస్తా. ఆఫీసుకి వెళ్ళేముందు, పొద్దున్నే గ్రౌండులో పిల్లలకి బాక్సింగ్ నేర్పేవాడు. వయసులో ఉండగా రాష్ట్రపోటీల దాకా వెళ్ళిన మనిషి. చెమటా, పాత తోలూ, నీలగిరి తైలమూ కలిసిన వాసన ఆయనది. ఆయన గ్లవ్స్‌ని పిన్ని వంటింటి గడప దాటనిచ్చేది కాదు. తొంభైల చివర్లో సినిమావాళ్ళు గోదావరి గట్టున షూటింగుకి దిగి, హీరోకి బాక్సింగ్ నేర్పమని ఆయన్ని పిలిచారు. బాబాయి కొత్త బనియన్లు కొనుక్కుని, సెలవు పెట్టి మరీ వెళ్ళాడు. హీరోగారు పొద్దున్నే లేవరు, లేచిననాడు చెయ్యి నొప్పి. ఆఖరికి నేర్పడం మానిపించి ఛాంపియను వేషం బాబాయికే ఇచ్చారు. "నిజం పోటీలాగే తీస్తామండి, మీరు ఓడిపోతే చాలు" అన్నాడట డైరెక్టరు. ఓడిపోవడం ఆటలో ఉన్నదే కదా అని ఈయన ఒప్పుకున్నాడు.

పేడ మాత్రం నిజం పేడే, వానకి నాని పురుగులు పట్టినది. సరిగ్గా రాలేదని మళ్ళీ మళ్ళీ తోశారట. ఇంటికొచ్చి నూతి దగ్గర శీకాయతో ఒళ్ళు ఎర్రబడేలా రుద్దుకున్నాడే గానీ, ఏం జరిగిందో పిన్నికి చెప్పలేదు.

సినిమా మా ఊరు పాలకొల్లులో విడుదలైనప్పుడు మా నాన్న చుట్టాలందర్నీ బాల్కనీకి తీసుకెళ్ళాడు. బాబాయి రానన్నా, "మీరు లేకుండా ఏంటండీ" అని పిన్ని లాక్కొచ్చింది. తెర మీద ఆయనకి దెబ్బ తగిలినప్పుడల్లా గాడిద అరుపు పెట్టారు. హాలంతా ఈలలు. మా వరసలో ఎవరూ నవ్వలేదు.

"లేవండి, వెళ్ళిపోదాం" అంది పిన్ని.

"కూర్చో. నేను చేసిందేగా, చూడనీ" అన్నాడాయన.

బయటికొచ్చాక సోడా బండి దగ్గర కుర్రాళ్ళు ఆయన్ని గుర్తుపట్టి గాడిదల్లా అరిచారు. ఆయన తల తిప్పలేదు. రిక్షాలో నా పక్కన కూర్చుని అన్నాడు: "మొహానికి చేతులు అడ్డం పెట్టుకోవడమైనా రాలేదమ్మా ఆ హీరోకి. ఒక్కసారంటే ఒక్కసారి పెట్టలేదు. ఛీ."

రాజమండ్రిలోనూ ఆ అరుపులు గ్రౌండు గోడ అవతలి నుంచి వినపడుతూనే ఉండేవి. నేర్చుకునే పిల్లల్ని వాళ్ళ అమ్మానాన్నలు మాన్పించేశారు. బాబాయి మాత్రం వెళ్ళడం మానలేదు. ఎవరూ రాని పొద్దుల్లో గాలిలోకి గుద్దులు విసురుతూ ఒక్కడే ఆడుకునేవాడని పిన్ని చెప్పేది. ఆయన పోయినప్పుడు పరామర్శకి వచ్చినవాళ్ళు కూడా అరుగు మీద కూర్చుని "అదేనండీ, ఆ పేడలో పడ్డాయన" అనే చెప్పుకున్నారు. అన్నేళ్ళు తిన్నగా నిలబడ్డ మనిషిని అలా గుర్తుపెట్టుకున్నారు. దేన్ని దాచాలో, దేన్ని పారెయ్యాలో కాలానికి ఎప్పటికీ తెలియదు.