పావురం కోసం ఆగిన పూట

కూర్చోవే చిన్నీ. ఆ ఫోను పక్కన పడేసి సరిగ్గా విను. చెప్పింది చెప్పినట్టు రాయి. తొమ్మిదేళ్ళుగా మోస్తున్నానే దీన్ని, ఇంక నావల్ల కాదు. మధ్యలో నన్ను ఓదార్చావంటే ఒక్కటిస్తా.

మీ తాతయ్యకి పక్షవాతం వచ్చిన రోజు ఆస్పత్రికి ఆలస్యం చేసింది మీ అమ్మేనని నాగాయలంక అంతా అనుకుంటుంది కదా? అబద్ధం. చేసింది నేను.

ఆ పొద్దున వసారాలో కాఫీ తాగుతుంటే ఆయన కుడిచేతిలోంచి గ్లాసు జారిపోయింది. మూతి ఓ పక్కకి వంగింది. మీ అమ్మ పరిగెత్తుకొచ్చింది.

“అత్తయ్యా, మావయ్యగారికి మాట ముద్దగా వస్తోంది. కారు పిలుస్తాను, బందరు వెళ్దామండీ.”

“నాలుగు ముక్కలు చదివావని డాక్టరమ్మవైపోయావా? అది వాతం. పావురం రక్తం పట్టిస్తే దిగిపోద్ది,” అన్నాను.

అయినా కారుకి ఫోన్ చేస్తుంటే లాక్కున్నాను. అదీ రాయి. పావురాన్ని తెప్పించి మర్దనా చేయించాను. మధ్యాహ్నం దాటి, ఆయన కాలు కూడా పడిపోయాక గానీ ఆస్పత్రికి కదలనివ్వలేదు.

మెదడుకి రక్తం తీసుకెళ్ళే గొట్టంలో గడ్డ అడ్డుపడిందన్నారు డాక్టరుగారు. రక్తం అందక కొన్ని కణాలు అప్పుడే చచ్చిపోతాయట. వాటి చుట్టూ ఉన్నవి మాత్రం కొనఊపిరితో కాసేపు కాచుకుని ఉంటాయట. పొద్దున్నే తెస్తే గడ్డ కరిగే ఇంజక్షన్ ఇచ్చి వాటినైనా దక్కించుకోవడానికి చూసేవాళ్ళమన్నారు. వింటున్నావా? అవి రక్తం కోసం కాచుకున్నాయి. నేను పావురం కోసం కాచుకున్నాను! ఎంత పొగరే నాకు?

ఎందుకింత ఆలస్యమని అందరూ అడిగితే, “మా కోడలు కారు పిలవలేదు” అన్నాను. మీ అమ్మ తలొంచుకుంది. మంచం మీద ఆయన ఎడంచేత్తో ఊచని టపటపా కొట్టారు. మాట పోయింది కదా, ఇంకేం చేస్తారు? “చూశారా, కోడలి మీద ఎంత కోపమో” అన్నాను. ఆ కోపం నా మీదని నాకు తెలీదా? తెలుసు. మీ నాన్న ఆర్నెల్లు మీ అమ్మతో మాట్లాడలేదు. చూస్తూ ఊరుకున్నాను. నాలుగేళ్ళు మాట లేకుండానే బతికి, కన్నుమూశారాయన. ఇంక చెప్పేవాళ్ళు లేరని ధీమాగా ఉన్నాను. ఛీ!

మీ అమ్మ నోరెందుకు విప్పలేదో అడగలేదు. అడిగే మొహమేదీ?

క్షమించమని మాత్రం రాయకు. మళ్ళీ తనే పెద్దమనసు చేసుకోవాలా? ఇది మీ నాన్నకి చదివి వినిపించు. బాబాయిలకీ అత్తయ్యలకీ పంపు. ఇలా తే, సంతకం పెడతా. దాని పైన ఇలా రాయి: ఆ రోజు మా కోడలి చేతిలో ఫోను లాక్కున్నది వేరెవరో కాదు, నే...

“అత్తయ్యా, అన్నం పెట్టేశాను, రండి. చేపలో ముళ్ళు తీసి ఉంచా.”